బ్లీచింగ్‌లో యాసిడ్ కలపకండి, దండం పెడతాను

నాలుగు వానలు పడ్డాయో లేదో, ఆ మెసేజ్ మళ్లీ మొదలైంది. "గోడ మీద నల్ల బూజు అంటే బ్లాక్ ఫంగసే. ఉల్లిపాయ మీదున్నా అంతే. పీలిస్తే క్యాన్సర్, మతిమరుపు. బ్లీచింగ్ పౌడర్‌లో బాత్రూం యాసిడ్ కలిపి, తలుపులు మూసి కడగండి. పైన పెయింట్ వేస్తే మళ్లీ రాదు." చదువుకున్నవాళ్లే పంపుతున్నారు.

ఉల్లిపాయ మీది నలుపు ఆస్పర్జిల్లస్ నైగర్ అనే మామూలు బూజు. ఆ పొరలు తీసేసి, కడిగి వండుకోండి.

2021లో బ్లాక్ ఫంగస్ పేరుతో మనల్ని వణికించింది మ్యూకర్‌మైకోసిస్. అందులో నలుపు బూజుది కాదు, చచ్చిపోయిన కండది. అదుపులో లేని షుగర్, మోతాదు మించిన స్టెరాయిడ్లు దానికి దారిచ్చాయి. గోడ మీది మచ్చలు వేరు. వాటివల్ల క్యాన్సర్, మతిమరుపు వస్తాయని ఎక్కడా రుజువు కాలేదు.

నాకు ఒళ్లు మండేది యాసిడ్ మాట దగ్గర. బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర సైనికుల మీదికి వదిలింది ఆ గ్యాస్‌నే. దాన్ని అగ్గిపెట్టెంత బాత్రూంలో, అదీ తలుపు మూసుకుని తయారు చేసుకోవాలా? కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది, దగ్గు ఆగదు. ఎక్కువ పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికొస్తుంది. బూజు పోగొట్టమంటే మనిషినే పోగొట్టే వైద్యం! పైగా "పదిమందికీ పంపండి" అట. ఎవరైనా ఇప్పటికే కలిపి ఉంటే, పారబోయడానికి కూడా ఆగకుండా బయటికి వచ్చేయండి. ఆయాసంగా ఉంటే ఆస్పత్రికి వెళ్లండి.

పెయింటా? లోపల చెమ్మ ఉండగా వేస్తే పెచ్చులూడిపోతుంది.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. "బూజు ఏం చేస్తుందిలే" అని కొట్టిపారేసేవాళ్లకంటే ఈ మెసేజ్ చూసి భయపడేవాళ్లే నయం. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, పిల్లికూతలు, ఆస్తమా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. బ్రిటన్‌లోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబర్‌లో రెండేళ్ల బాబు చనిపోయాడు. కారణం ఇంట్లోని బూజేనని 2022లో కరోనర్ (మరణ కారణాలు విచారించే అధికారి) తేల్చాక, అక్కడ ఆ పసివాడి పేరుతోనే చట్టం తెచ్చారు.

కాబట్టి గోడకి ఆనించిన బీరువా ఓసారి జరిపి చూడండి. వెనక నల్లగా చుక్కలు చుక్కలుగా ఉండి, గోరుతో గీకితే సున్నం తడితడిగా రాలుతోందంటే నీళ్లు ఎక్కణ్నుంచో వస్తున్నట్టే. పై ఫ్లాట్ బాత్రూమో, స్లాబ్ పగులో, ముందు ఆ లీకు ఆపించండి. మాస్క్ పెట్టుకుని, కిటికీలు తెరిచి, సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టండి. గోడంతా పాకితే పనివాళ్లని పిలవండి. ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లలుంటే, ఆ గోడ బాగయ్యేదాకా వాళ్ల పక్క వేరే గదిలో వేయండి.