పార్టీకి ఖర్చు పెట్టుకున్నవాడికి యార్డు పదవి

“పార్టీ కోసం బాగా ఖర్చు పెట్టుకున్నాడు, ఏదో ఒక పదవి ఇవ్వాలి కదా!” ప్రభుత్వం మారిన ప్రతిసారీ బెజవాడలో, గుంటూరులో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా వినబడే మాట ఇది. విన్నవాళ్లలో ఒక్కరికీ ఇది తప్పనిపించకపోవడమే అసలు బాధ. ఖర్చు పెట్టింది పార్టీకి. దానికి బదులుగా ఇచ్చేది మాత్రం పార్టీ సొత్తు కాదు. మిర్చి యార్డు రైతుది, ఇంద్రకీలాద్రి మీద హుండీ భక్తులది.

నామినేటెడ్ పదవి ఎలా వస్తుందో చూడండి. ఎమ్మెల్యే పేరు చెబుతాడు. ఎంపీ, జిల్లా ఇన్‌ఛార్జి మంత్రి సరేనంటారు. పార్టీ ఆఫీసులో కులాల లెక్క, నియోజకవర్గాల లెక్క సరిచూసి జాబితా కడతారు. అది ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లి వచ్చాక సంబంధిత శాఖ జీవో ఇస్తుంది. కార్పొరేషన్, యార్డు పదవులకి ప్రభుత్వం దరఖాస్తు పిలవదు, ఇంటర్వ్యూ ఉండదు. ఎమ్మెల్యేగా నిలబడే మనిషి ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ ఫారం 26లో ప్రమాణం చేసి చెప్పాలి. కోట్ల రూపాయల మీద సంతకం పెట్టే కార్పొరేషన్ చైర్మన్‌ని అలా ఎవరూ అడగరు. జీవోలో పేరు, ఊరు ఉంటాయి. ఈయన్నే ఎందుకు ఎంచుకున్నారన్నది ఒక్క ముక్క ఉండదు.

యార్డుని నడిపే మార్కెట్ కమిటీ చైర్మన్ పదవంటే కారుకి బోర్డు, శాలువాలు అనుకునేవాళ్లు ఉన్నారు. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం కింద వ్యాపారికి లైసెన్సు ఇచ్చేదీ, ఆపేదీ కమిటీయే. కొనుగోలు మీద నూటికి రూపాయి చొప్పున వసూలయ్యే సెస్సుతో షెడ్లు, రోడ్లు, కాటాలు బాగుచేయాల్సిందీ అదే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) దించుకుని రాత్రంతా వాటి పక్కనే పడుకుంటాడు. తెల్లారాక కొనేవాళ్లు బస్తా కోసి పిడికెడు కాయ తీసి విరిచి చూస్తారు. తేమ ఉందంటే ధర తెగుతుంది, తాలు (రంగు పోయిన కాయ) ఎక్కువుందంటే ఇంకా తెగుతుంది. మచ్చుకని తీసిన కాయ మళ్లీ బస్తాలో పడదు. కాటా దగ్గర తరుగు, ఆ తర్వాత డబ్బు కోసం తిరగడం. ఇందులో ఏ ఒక్క చోట అన్యాయం జరిగినా రైతు వెళ్లి చెప్పుకోవాల్సింది కమిటీకే. ఆ వ్యాపారే ఎన్నికల్లో చైర్మన్ తరఫున కార్లు, భోజనాలు చూసుకుని ఉంటే, ఆ లైసెన్సు మీద చెయ్యి పడుతుందా? 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి వారంలో యార్డులో ఉండాల్సింది తేజా రకం మిర్చికీ, 334 రకానికీ తేడా తెలిసిన మనిషి, వ్యాపారికి బాకీ లేని మనిషి.

దేవాలయాల సంగతి వేరు, చట్టం కొంత గట్టిగానే ఉంది. 1987 దేవాదాయ చట్టం ప్రకారం ఆలయంతో కాంట్రాక్టు, లీజు లాంటి లావాదేవీల్లో ప్రయోజనం ఉన్నవారు ధర్మకర్త కాకూడదు. అయినా పదవులు పంచాలన్న ఆత్రం చట్టాన్ని దాటిపోతుంది. 2021 సెప్టెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలికి 50 మందికి పైగా ప్రత్యేక ఆహ్వానితుల్ని నియమిస్తే, ఆ జీవోని హైకోర్టు వారం రోజుల్లోనే నిలిపేసింది. కోర్టుకి వెళ్లేవాళ్లు ఉండబట్టి ఆగింది. ప్రతి చిన్న గుడికీ అలాంటివాళ్లు దొరకరు.

ఇక డబ్బు దారి. ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకరి నుంచి రూ.20,000 మించి వచ్చిన విరాళాల్ని పార్టీ ఎన్నికల సంఘానికి చెప్పాలి, ఆ పేర్లు సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఇచ్చినవారి పేరు బయటికి రాకుండా పార్టీకి విరాళమిచ్చే ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేశాక ఆ చీకటి గది మూతపడింది. కానీ వంద మంది దగ్గర తలా రూ.20,000 పోగు చేసి రూ.20 లక్షలు తెచ్చినవాడి పేరు ఏ కాగితంలోనూ రాదు. ఇచ్చినవాళ్ల పేర్లూ రావు. అతను మాత్రం నాయకుడి ఎదుట నిలబడి “ఇంత తెచ్చాను” అనగలడు. అభ్యర్థి ఖర్చుకి అసెంబ్లీలో రూ.40 లక్షలు, లోక్‌సభలో రూ.95 లక్షలు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకి లేదు. అందుకే ఫ్లెక్సీలు, డీజిల్, బిర్యానీ పొట్లాల లెక్క ఎక్కడా తేలదు. పదవి అడిగే హక్కు మాత్రం అక్కడే పుడుతుంది.

ప్రవాసంలో ఉన్న మనకి ఇది పరాయి విషయం కాదు. నాయకుడు వచ్చినప్పుడు హోటల్లో విందు పెట్టి టేబుళ్లు అమ్మేది మనవాళ్లే. ప్రవాసాంధ్రుల కోసం పెట్టిన ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ అధ్యక్ష పదవి కూడా నామినేటెడ్ పదవే. ఒక సంగతి గట్టిగా చెప్పాలి: అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతి విదేశీ పౌరులకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, భారత పార్టీకి విరాళం ఇవ్వకూడదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) దాన్ని విదేశీ విరాళంగానే చూస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇవ్వొచ్చు. గుంటూరులో ఉన్న బావమరిది ఖాతా మీదుగా పంపినంత మాత్రాన ఆ డబ్బు స్వదేశీ అయిపోదు.

అమెరికా కూడా ఈ విషయంలో ఆదర్శమేం కాదు. ఏ పార్టీ ఉన్నా రాయబారుల్లో పెద్ద భాగం వృత్తి దౌత్యవేత్తలు కానివారే, వారిలో నిధులు పోగు చేసినవారు చాలామంది. అయితే 1980 విదేశీ సేవల చట్టం రాయబారి నియామకంలో ప్రచార విరాళం లెక్కలోకి రాకూడదంటుంది. నామినేట్ అయిన వ్యక్తి, తానూ తన దగ్గరి కుటుంబసభ్యులూ గత నాలుగేళ్లలో ఇచ్చిన రాజకీయ విరాళాల జాబితా సెనేట్ కమిటీకి ఇవ్వాలి. 2014లో నార్వేకి నామినేట్ అయిన ఒక నిధుల సమీకర్త ఆ కమిటీ ముందు నార్వే అధ్యక్షుడి గురించి మాట్లాడారు. నార్వేకి ఉన్నది రాజు. ఆ ఏడాది చివరికి ఆ నామినేషన్ వెనక్కి పోయింది. ప్రశ్న అడిగే గది ఒకటి ఉంది కాబట్టే ఆ తెలియనితనం బయటపడింది. గుంటూరు యార్డుకి అలాంటి గది లేదు.

మన దగ్గర చట్టం చేయలేక కాదు. 2019లో నామినేటెడ్ పదవుల్లో సగం బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు, మొత్తం పదవుల్లో సగం మహిళలకు అని చట్టం తెచ్చారు, అది మంచి పని. దానికి రెండు పేజీలు కలిపితే చాలు. నియమితుడు, అతని కుటుంబం నాలుగేళ్లలో పార్టీకి ఇచ్చిందీ, ఇతరుల దగ్గర పోగు చేసి తెచ్చిందీ ప్రమాణపత్రంగా రాసి జీవోకి జతచేయాలి. పోగు చేసింది రాయకపోతే ఇచ్చింది రాసి ప్రయోజనం లేదు. ఆ సంస్థతో ఉన్న వ్యాపారం, లైసెన్సు, లీజు కూడా అందులోనే ఉండాలి. జీవో వెలువడ్డాక 15 రోజులు అభ్యంతరాలకి గడువిచ్చి, ఆ తర్వాతే ప్రమాణం చేయించాలి.

ఆ చట్టం వచ్చేదాకా చేతిలో ఉన్నది సమాచార హక్కు. 2021 ఆగస్టులో జీవోల్ని ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు, 2024లో మళ్లీ మొదలైంది. జీవో నంబరు పట్టుకుని, ఆ నియామకం ఫైలులో నోట్ ఫైలు (అధికారులు రాసిన అభిప్రాయాల కాగితాలు) నకలు, సిఫార్సు లేఖల నకళ్లు అడగండి. సచివాలయానికైతే ఫీజు రూ.10, గడువు 30 రోజులు. “ఎందుకు ఇచ్చారు” అని అడిగితే సమాధానం రాదు, “ఫలానా ఫైలులో ఫలానా పేజీల నకలు” అని అడగాలి. ఈ హక్కు భారత పౌరులకే ఉంది కాబట్టి పౌరసత్వం మారినవారు ఊళ్లో ఉన్న అన్నతోనో చెల్లితోనో దరఖాస్తు పెట్టించండి. ఈసారి ఏ విందులోనైనా టేబుల్ కొనమంటే, పోగు చేస్తున్నది ఎవరో, ఆయనకి ఏ పదవి మీద కన్నుందో కనుక్కున్నాకే చెక్కు రాయండి.