నాలుగు డోర్లుంటే మజిల్ కార్ కాదా?

ఇప్పుడే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఆస్ట్రేలియా మజిల్ కార్ (పెద్ద ఇంజన్, బోలెడు పవర్ ఉన్న బండి) ఫోర్డ్ ఫాల్కన్ జీటీ-హెచ్‌ఓ ఫేజ్ 3 ఫోటో పెట్టాను. పెదనాన్నగారి అల్లుడు డల్లాస్ నుంచి వెంటనే రిప్లై ఇచ్చాడు. "నాలుగు డోర్లున్నాయి, ఇది టాక్సీ కదా! మజిల్ కార్ అంటే మా అమెరికా ఫోర్డ్ మస్టాంగే." దానికి నలుగురు నవ్వారు. ఒళ్లు మండిపోయింది.

బావా, 1971 మస్టాంగ్ బాస్ 351లో ఏ ఇంజన్ ఉంది? 351 క్లీవ్‌లాండ్ అనే ఎనిమిది సిలిండర్ల వీ8, 5.8 లీటర్లు. అదే ఏడాది ఆస్ట్రేలియాలో వచ్చిన ఫేజ్ 3లో? అదీ 351 క్లీవ్‌లాండే. మస్టాంగ్‌లో ఉంటే మజిల్, ఫాల్కన్‌లో ఉంటే టాక్సీనా?

మస్టాంగ్‌కి 330 హార్స్‌పవర్, దీనికి 300 అంటారు. ఆ 300 కంపెనీ కాగితం మీద రాసుకున్న అంకె. అసలు పవర్ అంతకంటే ఎక్కువేనని ఆస్ట్రేలియాలో ఏ పాత మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. ఇంటిల్లిపాదీ ఎక్కి కూర్చున్నా గంటకు 225 కిలోమీటర్లు దాటగల బండి. పెట్రోల్ ట్యాంకే 160 లీటర్ల పైమాట! ఎందుకంత? ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో 500 మైళ్ల రేసు పరిగెత్తాలి కాబట్టి. అప్పట్లో షోరూమ్‌లో జనానికి అమ్మిన మోడల్‌నే అక్కడ దించాలి. 1971లో ఆ రేసులో రేసర్ అలన్ మొఫాట్ ఫేజ్ 3ని రోజంతా ఒక్కడే నడిపి గెలిచాడు. మధ్యలో ఒక బీరు అట్టపెట్టె ఎగిరొచ్చి బండి ముందు అతుక్కున్నా ఆగలేదు. ఆ మొఫాట్ మస్టాంగ్ కూడా రేసుల్లో నడిపినవాడే. మరి బాస్ 351? అది వచ్చేసరికి అమెరికాలో ఫోర్డ్ రేసులే మానుకుంది.

ఫేజ్ 3లు తయారైందే 300. వేలంలో కొన్ని పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు దాటాయి. 1972లో ఈ సూపర్‌కార్లు రోడ్ల మీద జనాన్ని చంపేస్తాయని సిడ్నీ పత్రికలు, మంత్రులు గోల పెట్టకపోతే దీని తర్వాతి మోడల్ ఫేజ్ 4 కూడా వచ్చేది. అంత భయపెట్టిన బండిని టాక్సీ అంటావా?

అయినా ఇది కార్ల గొడవ కాదు. మా ఇంట్లో అమెరికా నుంచి ఏది వచ్చినా గొప్పదే. అమెరికా అల్లుడు ఊరొస్తే ఎయిర్‌పోర్టుకి రెండు కార్లు వెళ్తాయి. మెల్‌బోర్న్ నుంచి నేనొస్తే ఆటోలో రమ్మంటారు. పెళ్లిళ్లలో అమెరికా వాళ్లని పేరుపేరునా పరిచయం చేస్తారు. నా దగ్గరికొచ్చేసరికి "వీడు ఆస్ట్రేలియాలో ఉంటాడు" అని ముందుకెళ్లిపోతారు.

అవును బావా, ఫాల్కన్ టాక్సీయే. చదువుకునే రోజుల్లో రాత్రంతా నేను నడిపింది ఆ టాక్సీనే. నాతో పాటు ఎంతమంది తెలుగు కుర్రాళ్లు దాని మీదే ఫీజులు కట్టుకున్నారో నీకేం తెలుసు? ఆ డబ్బుతోనే మా చెల్లి పెళ్లి చేశాం. ఆ పెళ్లికి నువ్వూ వచ్చావు, ముందు వరసలో కూర్చోబెట్టి మర్యాద చేశాం.