సీలెంట్ ఊడితే తప్పు డబ్బాలో లేదు, గాడిలో ఉంది

సిమెంట్ రోడ్డు పాడైతే అందరూ కాంక్రీట్‌నే తిడతారు గానీ, ముందు చూడాల్సింది కాంక్రీట్ పలకల మధ్య ఉండే జాయింట్‌ని. వేలు వెడల్పు కూడా లేని ఆ గాడిలో నింపిన సీలెంట్ (సాగే గుణమున్న పూడిక) ఊడిందంటే నీళ్లు దిగుతాయి, బరువైన లారీ వెళ్లిన ప్రతిసారీ పలక కింది మట్టి ఆ నీళ్లతో కలిసి బురదై పైకి చిమ్ముతుంది, కొన్నాళ్లకు కింద డొల్ల, పైన మెట్టు. రాళ్లు ఇరుక్కుంటే ఇంకో బాధ: ఎండకు పలక సాగడానికి చోటుండదు, అంచులు పగులుతాయి.

4.5 మీటర్ల పలక 30 డిగ్రీల తేడాకు కదిలేది సుమారు 1.3 మిల్లీమీటర్లే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ 6 మిల్లీమీటర్ల గాడిలో ఉన్న సీలెంట్‌కి అది 20 శాతానికి పైగా సాగడం! అందుకే వేడిగా పోసే రబ్బరు తారు కన్నా సిలికాన్ మామూలుగా ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. అయితే ఖరీదైన సిలికాన్ కొన్నాం కదా, ఇక టెన్షన్ లేదు అనుకోవడం దగ్గరే అసలు తప్పు జరుగుతోంది.

గాడిని రంపంతో కోసినప్పుడు వచ్చే సిమెంట్ బురద గాడి గోడల మీద ఆరి సన్నని పొరలా అంటుకుంటుంది. కడిగి, రెండు గోడలకూ శాండ్‌బ్లాస్టింగ్ (ఇసుకను గాలితో బలంగా కొట్టి గీకడం) చేసి, నూనె లేని గాలితో ఊదకపోతే సీలెంట్ అతుక్కునేది కాంక్రీట్‌కి కాదు, ఆ పొరకి. గోడ మీద వేలితో రుద్దండి, తెల్లగా అంటితే పని ఇంకా కాలేదు. తడి ఉన్నా అంతే. సీలెంట్ కింద బ్యాకర్ రాడ్ (గాడిలోకి నొక్కే ఫోమ్ తాడు) పెట్టకపోతే సీలెంట్ అడుగుకి కూడా అతుక్కుని, సాగాల్సిన చోట సాగలేక చిరుగుతుంది. సిలికాన్ లోతు వెడల్పులో సగం ఉంటే చాలు, నిండా పోస్తే గట్టిదనం రాదు.

అసలు సీలింగే వద్దనేవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 1990లో ఆ దారే పట్టింది. పలకలు పొట్టివై, కోత సన్నగా ఉండి, కింద నీళ్లు బాగా పోయే పొర ఉంటే ఆ వాదనలో బలముంది, నేను కాదనను. అన్నిటికన్నా చెడ్డది మాత్రం సీలెంట్ కోసం గాడిని వెడల్పు చేసి, అది ఊడాక వదిలేయడం. రాళ్లకు మనమే చోటిచ్చినట్టు.

సిలికాన్ గట్టిపడ్డాక రెండంగుళాల ముక్కని పక్కల కోసి చేత్తో లాగి చూడాలి. మధ్యలో తెగితే మంచిదే. గోడ నుంచి శుభ్రంగా ఊడి చేతికొస్తే ఆ వరసంతా తీయించి మళ్లీ వేయించాలి, బిల్లు ఆ తర్వాతే.