హోమ్‌స్కూల్ పిల్లలకు హైస్కూల్ ప్లాన్ అక్కర్లేదా?

అమెరికాలో పిల్లలకు హోమ్‌స్కూల్ చేయిస్తున్న, అంటే బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్న మన తల్లిదండ్రుల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "హైస్కూల్‌కి ప్లానంటూ అక్కర్లేదు, శాట్ స్కోరు బాగుంటే చాలు. ట్రాన్‌స్క్రిప్ట్ పన్నెండో తరగతిలో రాసుకోవచ్చు. ఏపీ పుస్తకం పూర్తి చేయిస్తే అది ఏపీ కోర్సే. ఇవేవీ నచ్చకపోతే అక్రెడిటేషన్ ఉన్న ఆన్‌లైన్ స్కూలే గతి" అని దాని సారాంశం. (శాట్ కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష. ట్రాన్‌స్క్రిప్ట్ హైస్కూల్లో చదివిన కోర్సులు, గ్రేడుల పట్టిక. ఏపీ హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. అక్రెడిటేషన్ స్కూలుకు ఉండే అధికారిక గుర్తింపు.) ఇది నమ్మి తొమ్మిది, పది తరగతులు అలా వదిలేస్తే నష్టపోయేది పిల్లలే. అందుకే ఒక్కో మాటా తేల్చి చూడాలి.

ప్లాన్ లేకపోతే మొదటి దెబ్బ లెక్కల్లో తగులుతుంది. ఇంజనీరింగ్ వైపు వెళ్లే పిల్లలు పన్నెండులో కాల్‌క్యులస్ చేయాలంటే పదకొండులో ప్రీకాల్‌క్యులస్, పదిలో ఆల్జీబ్రా 2, తొమ్మిదిలో జామెట్రీ పడాలి. అంటే ఆల్జీబ్రా 1 ఎనిమిదిలోనే అయిపోవాలి. అది తొమ్మిదికి జారితే పదిలో జామెట్రీ, ఆల్జీబ్రా 2 కలిపి చేయించవచ్చు. లేదా వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో ప్రీకాల్‌క్యులస్ చేయించవచ్చు. కానీ అక్కడ వచ్చిన గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది, తొందరపడి చేర్చకండి. మిగతా చట్రం తెలిసిందే: ఇంగ్లిష్ 4 ఏళ్లు, ల్యాబ్‌తో కూడిన సైన్స్ 3 లేదా 4, సోషల్ 3, ఒకే విదేశీ భాష కనీసం 2.

ఇక శాట్. ఎంఐటీ 2022లో శాట్ లేదా అలాంటిదే అయిన ఏసీటీ పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అయితే ప్రవేశాల్లో ఆ స్కోర్లను చూడనే చూడదు. స్కోరు అడిగే చోట కూడా పిల్లలు నాలుగేళ్లూ ఏం చదివారో చూశాకే నిర్ణయం తీసుకుంటారు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ట్రాన్‌స్క్రిప్ట్ చివర్లో రాసుకోవచ్చన్న సలహా. సుమారు 120 గంటల చదువుకు ఒక క్రెడిట్ అన్నది అమెరికా స్కూళ్లు వాడే కార్నెగీ యూనిట్ లెక్క. మూడేళ్ల కిందటి గంటలు ఎవరికి గుర్తుంటాయి? కోర్సు నడుస్తుండగానే ఒక పేజీ రాసి పెట్టండి. కెమిస్ట్రీ అయితే పాఠ్యపుస్తకం పేరు, ఎడిషన్, ఎవరు బోధించారు, పూర్తయిన అధ్యాయాలు, చేసిన ప్రయోగాల జాబితా, పరీక్షలకు 50 శాతం, ల్యాబ్‌కు 30, హోంవర్క్‌కు 20 లాంటి మార్కుల వాటా ఉండాలి. ల్యాబ్ నోట్‌బుక్‌లో టైట్రేషన్ చేస్తే బ్యూరెట్ మొదటి రీడింగు, చివరి రీడింగు, లెక్క, ఎక్కడ తప్పు వచ్చిందో పిల్లల చేతిరాతలో తేదీతో ఉండాలి. తర్వాత కూర్చుని సృష్టించలేనిది ఇదే.

జీపీఏ, అంటే గ్రేడుల సగటు లెక్కలో కూడా చాలామంది పొరబడతారు. ఒక క్రెడిట్ కెమిస్ట్రీలో ఏ (4), అర క్రెడిట్ హెల్త్‌లో బీ (3) వస్తే సగటు 3.5 కాదు. 4కు, 3లో సగమైన 1.5 కలిపి, వచ్చిన 5.5ను మొత్తం క్రెడిట్లు 1.5తో భాగిస్తే 3.67.

ఏపీ పుస్తకం చదివించినంత మాత్రాన ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏపీ అని రాయకూడదు. ఆ పేరు వాడాలంటే సిలబస్ ఏపీని నడిపే కాలేజ్ బోర్డు సంస్థ చేసే పరిశీలనలో (కోర్స్ ఆడిట్) ఆమోదం పొందాలి. ఇంట్లో బోధించే తల్లిదండ్రులూ పంపవచ్చు. ఆడిట్ లేకపోయినా పరీక్ష రాయవచ్చు. పరీక్షలు మే నెలలో ఉన్నా వాటికి స్కూళ్లు ఆర్డర్లు నవంబరులోనే పెడతాయి. తమ దగ్గర చదవని పిల్లలనూ పరీక్షకు కూర్చోబెట్టే స్కూలును సెప్టెంబరులోపే వెతుక్కోవాలి.

అక్రెడిటేషన్ తప్పదన్నదీ నిజం కాదు. తల్లిదండ్రులు తయారుచేసిన ట్రాన్‌స్క్రిప్ట్‌ను చాలా కాలేజీలు తీసుకుంటాయి. చాలా కాలేజీలకు ఒకే చోట దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో స్కూలు కౌన్సెలర్ పాత్ర కూడా మీరే పోషించవచ్చు. సిఫారసు లేఖ మాత్రం ఇంటివాళ్లు కాని టీచరు రాయాలి. రాష్ట్ర నిబంధనలు వేరే సంగతి: న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి రిపోర్టు పంపాలి, టెక్సస్‌లో అలాంటిదేమీ లేదు.

కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 ఆశ ఉన్న పిల్లలకు, ఆ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కల్లాంటి ప్రధాన సబ్జెక్టులవి) అడుగుతుంది. వాటిలో 10 పన్నెండో తరగతి మొదలవకముందే పూర్తి కావాలి. ఇంట్లో చదివిన ఒక్కో కోర్ కోర్సుకూ విడిగా వర్క్‌షీట్ నింపాలి. పైన చెప్పిన ఆ పేజీ సిద్ధంగా ఉంటే దాన్ని నింపడం సులువు.