డేగగారికి దారి ఇవ్వండి

క్యాప్‌కామ్ వారి జోజో ఫైటింగ్ గేమ్‌లో అందరికంటే బలవంతుడు ఎవరు? హీరో జోటారో అన్నారా, మీరింకా ఆ గేమ్‌కి మూలమైన మాంగా, అంటే జపాన్ కామిక్, చదివిన అమాయకత్వంలోనే ఉన్నారు. నూరేళ్లు సముద్రం అడుగున పెట్టెలో పడుకుని లేచొచ్చి, కాలాన్నే ఆపేసే రక్తపిశాచి డియో అంటారా? పాపం ఆయన. అసలు ఏలిక ఆయన గుమ్మం కాసే డేగ.

పేరు పెట్ షాప్. హిరోహికో అరాకి మాంగాలో కైరో బంగళాకి వాచ్‌మన్. ఇగ్గీ అనే కుక్క దాని ముక్కు కొరికి పట్టుకుని చంపేస్తుంది, అక్కడితో కథ సరి. కానీ 1998లో ఆర్కేడ్‌కి వచ్చిన గేమ్‌కి 1999లో రెండో వెర్షన్ చేస్తూ చచ్చిన వాచ్‌మన్‌కి మనం ఎంచుకుని ఆడే పాత్రగా ప్రమోషన్ ఇచ్చారు. ఇక చూడండి.

ఒకడు నెలల తరబడి వేళ్లు అరగదీసి జోటారోని సాధన చేసి వస్తాడు. స్టాండ్‌ని, అంటే పక్కన నిలబడి తన తరఫున కొట్లాడే ఆత్మలాంటి శక్తిని, ఎప్పుడు పిలవాలి, దెబ్బలు కాస్తూ పోతే గేజ్ ఖాళీ అయి అది ఎప్పుడు కుప్పకూలుతుంది, అన్నీ కంఠోపాఠం. ఎదుటివాడు పక్షిని ఎంచుకుంటాడు. జోటారో 'ఓరా ఓరా' అని అరుస్తూ గాలిని చితకబాదుతాడు. మెడలో స్కార్ఫ్ కట్టుకున్న డేగగారు అరచేయంత ఒళ్లు పెట్టుకుని పక్కన తేలుతూ ఉంటారు. ఓ మంచు మేకు విసురుతారు. హీరో లేస్తాడు. ఇంకోటి విసురుతారు. ముందుకు దూకితే పైనుంచి ఐసు గడ్డ. పెళ్లిపందిట్లో దోమని చెప్పుతో కొట్టబోయే మామగారిలా ఆరడుగుల మనిషి అటూ ఇటూ తిరుగుతుంటాడు. ఆట ముగుస్తుంది. రెక్కకి చెమట కూడా పట్టదు.

టోర్నమెంట్లు పెట్టేవాళ్లు దండం పెట్టి, 'పక్షి తప్ప ఎవరినైనా తెచ్చుకోండి' అనే ఆచారం మొదలెట్టారు. కంపెనీ మాత్రం కదల్లేదు. 2 మెగాబైట్ల మెమరీ ఉన్న ప్లేస్టేషన్‌లో ఇరికించడానికి బొమ్మల కదలికలు కోసేశారు, రెక్కలు మాత్రం కోయలేదు. సెగా వారి గేమ్ యంత్రం డ్రీమ్‌క్యాస్ట్ డిస్కులో పాత, కొత్త వెర్షన్లు రెండూ ఇచ్చారు, మహా ఔదార్యం. 2012లో హెచ్‌డీ అని మెరుగు పెట్టి ప్లేస్టేషన్ 3కీ, ఎక్స్‌బాక్స్ 360కీ అమ్మారు. డేగగారు మరింత స్పష్టంగా కనిపించారు.

పక్షిని సరిచేయడానికి కంపెనీకి తీరిక దొరకలేదు సరే, బ్యాటరీ బిగించడానికి ఎలా దొరికింది? ఆర్కేడ్‌లో ఈ గేమ్ నడిచిన క్యాప్‌కామ్ వారి సీపీఎస్-3 బోర్డు సెక్యూరిటీ క్యాట్రిడ్జ్‌లో గేమ్‌ని విప్పే తాళంచెవిని బ్యాటరీ మీద బతికే మెమరీలో పెట్టారు. బ్యాటరీ పోతే తాళంచెవి పోతుంది, బోలెడు డబ్బు పోసి కొన్న గేమ్ చచ్చి ఊరుకుంటుంది. కాపీ చేసినవాడికి కాదు శిక్ష, నిజాయితీగా కొని పార్లర్ నడుపుకున్నవాడికి! ఇది పొరపాటు కాదు, కావాలని చేసిన పని. ఆ ఎన్‌క్రిప్షన్‌ని 2007లో ఛేదించింది కూడా జీతం తీసుకునే ఇంజనీర్లు కాదు, ఆటంటే పిచ్చి ఉన్న బయటివాళ్లు. వాళ్లు లేకపోతే ఈ బోర్డులు ఒక్కొక్కటే మూగబోయేవి.

2014లో ఆ హెచ్‌డీ వెర్షన్‌ని కూడా డిజిటల్ షాపుల్లోంచి తీసేశారు. చేతిలో డబ్బు పట్టుకుని నిలబడినవాడిని అమ్మం పొమ్మన్నారు. ఇప్పుడు వాడు పాత డిస్కు కోసం బేరమాడాలి, లేదా, క్యాప్‌కామ్ వారూ, మీరు దొంగతనం అని పిలిచే ఎమ్యులేటర్ (పాత గేమ్ యంత్రాన్ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రామ్) ఎక్కాలి. రెంటిలోనూ మీకు పైసా రాదు. పైగా కాపీరైట్ గురించి మాకు నీతులు!