ఏం పుట్టి మునిగింది?

మా నౌకా సంఘం పుట్టి నాలుగు నెలలైంది. సభ్యులం ఐదుగురం, పడవ ఒకటి, సముద్రం సున్నా. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి చాయ్ హోటల్లో ప్రతి ఆదివారం కూర్చుంటాం. ఇప్పటికి పదిహేను సమావేశాలు జరిగాయి, పదిహేనూ కొయ్య గురించే. కొయ్య అంటే తెరచాప కొయ్య, మాస్టు. "ఎంత పొడుగుండాలె?" అని అడిగితే "మస్తుండాలె" అన్న జవాబు మొదటి ఆదివారమే వచ్చింది. దాన్ని దాటి ఒక్క అడుగు ముందుకు వేయడానికి మిగతా పద్నాలుగు ఆదివారాలు పట్టాయి.

పడవ మామూలు పడవ కాదు, కాటమరాన్. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలు ఊరికే చెప్పారు. దీని మీద కాళ్లు పెట్టడానికి వేరే మార్గం లేదు. రెండు సన్నటి డొప్పలు, వాటిని కలుపుతూ అడ్డంగా రెండు గొట్టాలు, నడుమ నవారు మంచంలా బిగించిన గుడ్డ. పేరు తమిళుల కట్టుమరానిది. దుంగలు కట్టిన తెప్ప పేరును ఇంగ్లిష్ వాళ్లు పట్టుకుపోయి, జంట పడవకు తగిలించి, మళ్లీ మనకే పంపారు. ఎన్నికల ముందు మా జిల్లాలో ఈ విద్య తెలిసినవాళ్లు వీధికి పదిమంది కనిపిస్తారు. వాళ్లకు నీళ్లు కూడా అక్కర్లేదు.

ఇక కొయ్య. సంఘంలో మూడు వర్గాలు. అల్యూమినియం వర్గం వాదన: చవక, దొరుకుతుంది, వంగినా ఒక పట్టాన విరగదు. నిజమే, కానీ ఒకసారి గట్టిగా వంగిందా, ఇక జన్మంతా వంగే ఉంటుంది. కార్బన్ వర్గం, అంటే కార్బన్ ఫైబర్ కొయ్య కావాలనేవాళ్ల వాదన: తేలిక. అదీ నిజమే, ధర మాత్రం తేలిక కాదు, ఓపిక దాటితే వంగకుండా ఫటుక్కున విరుగుతుంది. మూడోది సర్వి కట్టె వర్గం. పెళ్లి పందిళ్లకు పనికొచ్చింది పడవకు ఎందుకు పనికిరాదని వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి సాంకేతికంగా వాళ్లే గెలిచారు.

కార్బన్ వర్గం నాయకుడు మా బామ్మర్ది. "బావా, కార్బన్ అంటే బొగ్గే గద, కరెంటు తీగ తాకినా ఏం గాదు" అని పదో సమావేశంలో ప్రకటించాడు. చేతులు జోడించి చెబుతున్నా, కార్బన్ కొయ్యలో కరెంటు పారుతుంది. అల్యూమినియంలో ఎలాగూ పారుతుంది. ఇది నవ్వే సంగతి కాదు. హోబీ 16 అనే ప్రసిద్ధమైన చిన్న కాటమరాన్ ఉంది, పదహారున్నర అడుగుల పడవకు ఇరవై ఆరున్నర అడుగుల కొయ్య. ఒడ్డున కొయ్య నిలబెట్టి పడవను నీళ్లకు తోస్తుంటే పైతీగలు తగిలి మనుషులు పోయారు. దాంతో 1980లలో అమెరికాలో ఆ కొయ్య పైభాగాన్ని కరెంటు పారని ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలుపెట్టారు.

మా ఊళ్లో పద్ధతి వేరు. వినాయక నిమజ్జనం నాడు ట్రాక్టర్ మీద, విగ్రహం కిరీటం వెనకాల ఒక పిల్లగాడు నిలబడి ఉంటాడు. చేతిలో వెదురు బొంగు, దాని కొసన అడ్డంగా కట్టిన ఇంకో కట్టె. తీగ రాగానే ఎత్తుతాడు, ట్రాక్టర్ దాటగానే దించుతాడు. అమెరికా వాళ్లు కొయ్యను మార్చుకున్నారు, మనం తీగను ఎత్తుతున్నాం. పైగా మేం పడవ దించాలనుకున్న నాగార్జునసాగర్‌లో నీటిమట్టం ఎండాకాలం చివరికి 510 అడుగులకు దిగిన ఏళ్లున్నాయి, నిండితే 590. నీళ్లెక్కితే పడవ ఎక్కుతుంది, కొయ్య ఎక్కుతుంది, బ్యాక్ వాటర్ మీది తీగ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ ఎనభై అడుగులకు పిల్లగాడు ఎక్కడ నిలబడాలో సంఘం తేల్చలేదు.

పదకొండో సమావేశంలో నేనొక తప్పు చేశాను. "పడవ బోల్తా పడితే లేపుడెట్ల?" అని అడిగాను. హోటలంతా నిశ్శబ్దం. కోశాధికారి చాయ్ గ్లాసు కింద పెట్టి "నీళ్లల్ల దిగకముందే గా మాటేంది సారూ, అపశకునం" అన్నాడు. మినిట్స్ పుస్తకంలోంచి నా ప్రశ్నను కొట్టేశారు. కొయ్య నిలబెట్టడానికి పదకొండు వారాలు చర్చించినవాళ్లు, పడిపోయిన కొయ్యను లేపడానికి పదకొండు నిమిషాలు ఇవ్వలేదు.

అసలు కాటమరాన్‌కు రెండు భంగిమల్లో మహా స్థిరత్వం. ఒకటి నిలువుగా, రెండోది తలకిందులుగా. అడుగున బరువైన ఇనుప రెక్క (కీల్) ఉన్న పెద్ద పడవ ఒరిగినా తనంతట తాను లేస్తుంది. దీనికి ఆ గుణం లేదు. ముందు పక్కకు పడుకుంటుంది. కొయ్యలోకి నీళ్లు దూరకపోతే కాసేపు అలాగే పడుకుని మీకు గడువిస్తుంది. దూరితే కొస మునిగి, తాబేలు వెల్లకిలా పడ్డట్టు తిరగబడుతుంది. అందుకే కొందరు కొయ్య కొసన చిన్న గాలి బుడ్డి కడతారు. కొయ్యకు కొట్టిన రివెట్ల చుట్టూ సందులు మూయాలి. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టు కొయ్యను కాలువలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. పన్నెండో సమావేశంలో ఇది తీర్మానమైంది, పదమూడులో వాయిదా పడింది.

బరువు లెక్క ఇంకా కఠినం. పక్కకు పడ్డ పడవను లేపాలంటే కింది డొప్ప మీద నిలబడి, పై డొప్ప మీదుగా వేసిన తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. ఎనిమిది మీటర్ల కొయ్య కొసన ఒక్క కిలో పెరిగితే, మీటరు దూరంలో వేలాడే మనిషి ఎనిమిది కిలోలు పెరగాలి. "అదెంత సేపు బావా, ఒక్క బోనాల సీజన్ చాలు" అన్నాడు బామ్మర్ది. ఈ విషయంలో అతని మాట నమ్మొచ్చు.

పడవ దించడానికి అనుమతి కోసం ఒక ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తా అర్జీ చూశాడు. "మోటార్ ఎన్ని హార్స్ పవర్?" లేదన్నాం. "మరెట్ల పోతది?" గాలికి అన్నాం. "గాలికి పోయేదానికి పర్మిషన్ ఏడికెళ్లి ఇస్త?" ఆయన మీద నాకు కోపం లేదు. మూడోసారి వెళ్లినప్పుడు ముద్ర వేశాడు.

జూన్ మొదటి వారంలో నేరేడుగొమ్ము దగ్గర వైజాగ్ కాలనీకి పడవ తీసుకుపోయాం. సాగర్ కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన జాలరుల ఊరది. చేపల వేపుడు తిందామని హైదరాబాద్ నుంచి కూడా వస్తారు. లైఫ్ జాకెట్లు వేసుకుని నేనూ బామ్మర్దీ ఎక్కాం. మిగతా ముగ్గురు ఒడ్డున ఉండి వీడియో తీసే బాధ్యత తీసుకున్నారు. పావుగంట దివ్యంగా సాగింది. పడమట మబ్బు కమ్మి ఒక్క గాలి కొట్టింది. ఒక డొప్ప లేచింది, బామ్మర్ది "బావా" అన్నాడు, ఇద్దరం నీళ్లలో ఉన్నాం.

పడవ పక్కకు పడుకుంది. వాయిదా పడ్డ రివెట్లలోంచి కొయ్య బుడబుడా నీళ్లు తాగింది. తాబేలు కావాల్సిందే, కానీ నీళ్లు పోయిన ఏడాదివి, లోతు ఐదు మీటర్లు కూడా లేదు. కొయ్య ఏటవాలుగా దిగి నల్ల బురదలో నాటుకుంది. మా జిల్లాలో ఇన్ని జెండా కర్రలు నాటారు గానీ ఇంత గట్టిగా నాటుకున్నది చూడలేదు.

పుట్టిలో ఒక పెద్దాయన తెడ్డేసుకుంటూ వచ్చాడు. వెదురు బుట్టకు ప్లాస్టిక్ సంచులు చుట్టి తారు పూసిన గుండ్రటి పుట్టి, కొయ్యా లేదు, తెరచాపా లేదు. "ముందు తాడొగ్గేయండి బాబూ" అని కేక వేశాడు. తెరచాపను బిగించి పట్టే తాడు వదిలేయమని ఆయన భావం. ఆయన భాష సగమే అర్థమై మేం వేరే తాడు వదిలాం. ముక్కు గాలివైపు తిప్పమన్నాడు, ఈదుతూ తిప్పాం. ఇద్దరం డొప్ప ఎక్కి వెనక్కి వాలాం. బురద మొండిగా పట్టుకుని, చివరికి బుడుక్కున వదిలింది. ఆయన పుట్టిలోంచి కొయ్య కొస అందుకుని పైకి తోశాడు. గాలి తెరచాప కిందికి దూరింది. పడవ లేచింది! ఒడ్డున చప్పట్లు.

తాడు బిగించే ఉంది కదా, తెరచాప నిండా గాలి పట్టుకుని పడవ తన దారిన తాను బయల్దేరింది. లేవగానే అడ్డ గొట్టం పట్టుకుని వేలాడాలట. ఆ ముక్క పదకొండో సమావేశంలో కొట్టేసిన భాగంలో ఉండాల్సింది.

"బావా, మనం లేకుంటేనే మంచిగ పోతున్నది" అన్నాడు బామ్మర్ది.

పుట్టిలో ఎక్కి వెంటపడ్డాం. అరగంట తర్వాత ఒక తుమ్మచెట్టుకు ఆనుకుని దొరికింది.

పదహారో సమావేశం ఎల్లుండే. ఎజెండాలో మొదటి అంశం కొయ్యకు ఏ రంగు వేయాలనేది. బోల్తా పడ్డ పడవను లేపే అభ్యాసం కూడా పెట్టించాను, రెండో అంశంగా. కానీ వచ్చేది ఆషాఢం, గాలి బాగా కొడుతుంది, పైగా శూన్యమాసం. శ్రావణంలో గాలి తగ్గాక మంచిరోజు చూద్దామన్నాడు కోశాధికారి.