బీటెక్ ఉందా? అయితే లోను రాదు

హైదరాబాద్‌లోనో విశాఖలోనో బీటెక్ చేసి, పెళ్లయ్యాక డిపెండెంట్ వీసా మీద ఇంగ్లండ్‌లోని రీడింగ్‌కో మిల్టన్ కీన్స్‌కో వచ్చి, పిల్లలు బడికెళ్లే వయసు వచ్చాక "ఇక్కడి డిగ్రీ ఒకటి ఉంటే బాగుండు" అనుకునే ఆడవాళ్లు మన సంఘాల్లో తక్కువేం కాదు. అలాంటావిడ చదువు లోన్లిచ్చే ప్రభుత్వ సంస్థ స్టూడెంట్ ఫైనాన్స్ ఇంగ్లండ్‌కు దరఖాస్తు పెడితే మొదట అడ్డొచ్చేది ఆ బీటెక్కే. ఇప్పటికే సమాన స్థాయి అర్హత ఉన్నవాళ్లకు రెండో డిగ్రీకి సాధారణంగా ఫీజు లోను ఇవ్వరు. మొదటిది సొంత డబ్బుతో చదివామన్నా వినరు. పోనీ మాస్టర్స్ చేద్దామంటే, ఎంటెక్కో ఎంబీఏనో చేసి వచ్చినవాళ్లకు ఆ లోనూ రాదు. నర్సింగ్, టీచర్ శిక్షణ లాంటి కొన్నింటికి, పార్ట్‌టైమ్‌గా చేసే కొన్ని సైన్స్, ఇంజినీరింగ్, కంప్యూటింగ్ కోర్సులకు మాత్రం మినహాయింపు ఉంది.

ఈఎల్‌క్యూ (ఈక్వివలెంట్ ఆర్ లోయర్ క్వాలిఫికేషన్) అని పిలిచే ఈ నిబంధన 2007లో లేబర్ ప్రభుత్వం తెచ్చింది. రెండో డిగ్రీ చదివేవాళ్ల కోసం యూనివర్సిటీలకు ఇస్తున్న సుమారు 10 కోట్ల పౌండ్ల గ్రాంటును 2008-09 నుంచి దశలవారీగా తీసేశారు. ఎక్కువగా దెబ్బతిన్నది ఓపెన్ యూనివర్సిటీ, లండన్‌లో సాయంత్రం క్లాసులు నడిపే బర్క్‌బెక్. ఆ తర్వాత 2012లో గరిష్ఠ ఫీజు 9,000 పౌండ్లకు పెరిగింది. పార్ట్‌టైమ్ ఫీజులూ దాంతోపాటే ఎగబాకాయి. 2010, 2015 మధ్య ఇంగ్లండ్‌లో పార్ట్‌టైమ్ డిగ్రీలో చేరేవాళ్లు దాదాపు సగానికి పడిపోయారు. ఇరవై ఒకటి దాటి చేరేవాళ్లందరినీ ఇక్కడ మెచ్యూర్ స్టూడెంట్లంటారు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ చదవాల్సిన వాళ్లకు పార్ట్‌టైమే దిక్కు. కాబట్టి ఆ దెబ్బ ఎవరికి తగిలిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఈ వ్యవస్థ మారబోతోంది. లైఫ్‌లాంగ్ లెర్నింగ్ ఎంటైటిల్‌మెంట్, పొట్టిగా ఎల్ఎల్ఈ, 2027 జనవరి నుంచి మొదలయ్యే కోర్సులకు వర్తిస్తుంది. దరఖాస్తులు 2026 సెప్టెంబర్‌లో తెరుస్తారు. అరవై ఏళ్ల లోపు అర్హులకు నాలుగేళ్ల చదువుకు సరిపడా ఫీజు లోను ఇస్తారు. 2025-26 ఫీజుల లెక్కన అది 38,140 పౌండ్లు. ఈఎల్‌క్యూ అడ్డు తీసేస్తున్నారు. ఇకపై చూసేది ఇంతకుముందు ఇక్కడి ప్రభుత్వ సాయం ఎంత వాడుకున్నారన్నదే. ఇండియాలో నాన్న కట్టిన ఫీజుతో చదివినవాళ్లకు ఇది పెద్ద మార్పు. కానీ తేదీ గుర్తుపెట్టుకోండి: 2026 సెప్టెంబర్‌లో మొదలయ్యే కోర్సులో చేరితే పాత నిబంధనలే. బీటెక్ వల్ల లోను రానివాళ్లు నాలుగు నెలలు ఆగి జనవరి బ్యాచ్‌లో చేరితే కథ వేరుగా ఉంటుంది.

మా ఉద్దేశంలో ఈ సంస్కరణ దిశ సరైనదే, కానీ సగంలో ఆగింది. ఎక్కడెక్కడ ఆగిందో చెప్పేముందు, మనవాళ్లు ఎక్కువగా బోల్తాపడే చోటు చూద్దాం.

అది ఫీజు స్టేటస్, అంటే ఇక్కడివాళ్లకుండే హోమ్ ఫీజా, బయటివాళ్లకు వేసే ఎక్కువ ఓవర్సీస్ ఫీజా అన్నది. హోమ్ ఫీజు, లోను రెండూ కావాలంటే సాధారణంగా రెండు కావాలి: ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) లేదా పౌరసత్వం, కోర్సుకు ముందు మూడేళ్లు ఇక్కడే నివాసం. ఆ మూడేళ్లూ ప్రధానంగా ఫుల్‌టైమ్ చదువు కోసమే ఉన్నట్టు కాకూడదు. ఈ షరతులు కోర్సు మొదలయ్యే అకడమిక్ ఇయర్ తొలిరోజు నాటికి తీరాలి. ఆగస్టు, డిసెంబర్ మధ్య మొదలయ్యే కోర్సులకు ఆ తేదీ సెప్టెంబర్ 1. జనవరి, మార్చి మధ్య వాటికి జనవరి 1. ఐఎల్‌ఆర్ సెప్టెంబర్ 20న చేతికొచ్చి, క్లాసులు సెప్టెంబర్ 25న మొదలైనా లాభం లేదు. మధ్యలో ఐఎల్‌ఆర్ వచ్చినంత మాత్రాన ఆ కోర్సుకు ఓవర్సీస్ ఫీజు హోమ్ ఫీజుగా మారదు. అదే కోర్సు జనవరిలో మొదలైతే హాయిగా సరిపోతుంది.

ఇంకో చిక్కు పురుడు. కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఏడెనిమిది నెలలు ఉండిపోవడం మనకు మామూలే. మామగారికి ఆపరేషన్ అయితే మరో నాలుగు నెలలు. అది తాత్కాలికమేనని చూపగలిగితే నివాసం తెగిపోయినట్టు కాదు. కానీ చూపాల్సింది మనమే: ఇక్కడి అద్దె ఒప్పందం, కౌన్సిల్ టాక్స్ బిల్లు, జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర నమోదు, తిరుగు టికెట్లు. అన్నీ భర్త పేరు మీదే ఉన్న ఇళ్లలో భార్య దగ్గర చూపడానికి ఒక్క కాగితమూ ఉండదు. కనీసం కౌన్సిల్ టాక్స్ బిల్లులో, ఒక బ్యాంకు ఖాతాలో ఆవిడ పేరు ఇప్పుడే చేర్పించండి. 2025 మే శ్వేతపత్రంలో శాశ్వత నివాసానికి ఐదేళ్ల గడువును పదేళ్లు చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. దాన్ని వలస విధానంగానే అందరూ చర్చించారు. డిపెండెంట్‌గా వచ్చినవాళ్ల చదువును మరో ఐదేళ్లు వెనక్కి నెట్టే విద్యా విధానం కూడా అదేనని పార్లమెంటు సభ్యులకు రాసే ఉత్తరాల్లో మనం చెప్పాలి.

ఇక అప్పు సంగతి. మూడేళ్ల డిగ్రీకి 9,535 చొప్పున 28,605 పౌండ్లు అనుకోండి. ప్లాన్ 5 అనే తిరిగి చెల్లింపు పద్ధతి లెక్కన ఏడాదికి 25,000 పౌండ్లు దాటిన జీతం మీద 9 శాతం కడతారు. 32,000 జీతమైతే ఏడాదికి 630, అంటే నెలకు 52 పౌండ్ల 50 పెన్నీలు. వడ్డీ ఆర్‌పీఐ (చిల్లర ధరల సూచీ) ద్రవ్యోల్బణం ఎంతో అంత. అది 3 శాతం ఉందనుకుంటే ఏడాది వడ్డీయే సుమారు 858. అంటే జీతం 34,500 దాటేదాకా అప్పు తరగదు, పైగా పెరుగుతుంది. నలభై ఏళ్ల తర్వాత మిగిలింది రద్దవుతుంది. మనిషి పోతే అప్పూ పోతుంది, పిల్లల మీద పడదు. అందుకే ఊళ్లో ప్లాటు అమ్మి ఫీజు ముందే కట్టేయాలని తొందరపడొద్దు. స్కూల్లో టీచింగ్ అసిస్టెంట్‌గా ఏడాదికి 22,000 తెచ్చుకునే ఆవిడ ఒక్క పౌండూ కట్టక్కర్లేదు. చదువయ్యాక 55,000 జీతం వస్తుందన్న నమ్మకం ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఏటా 2,700 కట్టి మొత్తం తీర్చేస్తారు కాబట్టి పొదుపుల్లోంచి కట్టినా తప్పులేదు.

ఫీజుకు లోను వస్తుంది సరే, చదివినన్నాళ్లూ ఇల్లు గడిచేదెలా? ఎల్ఎల్ఈ సగంలో ఆగింది ఇక్కడే. పెళ్లయినవాళ్లకు మెయింటెనెన్స్ లోను (బతుకు ఖర్చులకిచ్చేది) లెక్కలో తల్లిదండ్రుల ఆదాయం చూడరు, భార్యాభర్తల్లో రెండోవారి ఆదాయం చూస్తారు. అది 25,000 దాటగానే కోత మొదలవుతుంది. ఈ గీత 2008 నుంచి కదల్లేదు. అప్పటి 25,000తో ఇల్లు నడిచినట్టు ఇప్పుడు నడుస్తుందా? భర్తది పెద్ద జీతమున్న ఐటీ ఉద్యోగమైతే ఆవిడకు దక్కేది కనిష్ఠ మొత్తమే. ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో చదివితే, వైకల్యం ఉంటే తప్ప అదీ లేదు. చైల్డ్‌కేర్ గ్రాంటు ఫుల్‌టైమ్ విద్యార్థులకే, అదీ ఆదాయాన్ని బట్టే. మరోవైపు, ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్‌లో చేరితే, తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తేనే ఇచ్చే వారానికి 30 గంటల ఉచిత నర్సరీ పోతుంది. చేరే ముందు లెక్క వేసుకోవాల్సింది ఫీజు కంటే ముందు ఇదే. నర్సింగ్‌కు మాత్రం ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) నుంచి తిరిగి కట్టక్కర్లేని 5,000 పౌండ్లు ఏటా వస్తాయి, పిల్లలున్నవాళ్లకు మరో 2,000. 2017లో నర్సింగ్ బర్సరీ (ఉపకార వేతనం) ఎత్తేసి, నర్సుల కొరత ముదిరాక 2020లో తెచ్చిన దిద్దుబాటు అది.

వేల్స్ ఇంతకంటే తెలివిగా చేసింది. 2018-19 నుంచి పార్ట్‌టైమ్ విద్యార్థులకు కూడా చదువు పాళ్లను బట్టి జీవన గ్రాంటు ఇస్తోంది, దూరవిద్య అయినా సరే. అక్కడ పార్ట్‌టైమ్ చదువులు పుంజుకున్నాయి. ఇంగ్లండ్‌లో మాడ్యూళ్లకు (కోర్సులోని విడి భాగాలకు) విడిగా లోను ఇస్తామంటున్నారు, 30 క్రెడిట్లకు (ఏడాది ఫుల్‌టైమ్ చదువులో నాలుగో వంతు) సుమారు 2,384 పౌండ్ల దాకా. కానీ ప్రభుత్వం ఎంచుకున్న కోర్సులకే. కంప్యూటింగ్, ఇంజినీరింగ్ లాంటివి. అకౌంట్స్‌లో ఒక్క మాడ్యూల్ చేసి ఉద్యోగం మెరుగుపరుచుకుందామనుకునే ఆవిడకు ఇందులో చోటు లేకపోవచ్చు. పైగా ఈ చిన్న కోర్సులు నడపాల్సిన యూనివర్సిటీల్లో చాలావాటికి లోటు బడ్జెట్లే. ఆ లోటును ఇన్నాళ్లూ పూడుస్తున్నవాళ్లలో ఓవర్సీస్ ఫీజు కట్టే మన పిల్లలూ ఉన్నారు. సాయంత్రం బ్యాచ్ తెరవమంటే వీసీలు వెనకాడడంలో ఆశ్చర్యం లేదు.

మన సంఘాలు ఏటా పిల్లలకు ఏ-లెవెల్స్, మెడిసిన్ ఎంట్రెన్స్ మీద సదస్సులు పెడుతున్నాయి. ఈ సెప్టెంబర్‌లో అమ్మలకూ ఒకటి పెట్టండి. వచ్చేవాళ్లు ఐఎల్‌ఆర్ తేదీ, మూడేళ్ల ప్రయాణాల జాబితా, ఇండియా డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెబుతూ యూకే ఎనిక్ సంస్థ ఇచ్చే స్టేట్‌మెంట్ తెచ్చుకోవాలి. డిపాజిట్ కట్టకముందే ఫీజు స్టేటస్ నిర్ణయాన్ని యూనివర్సిటీ నుంచి ఈమెయిల్‌లో తీసుకోవాలి. ఫోన్లో చెప్పినదానికి విలువ లేదు.